ఒక పరుగు, ఒక పాడె

మనవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే, భోజనాలయ్యాక సినిమా కబుర్లు మొదలవడం ఖాయం. ఆ కబుర్లలో సినిమాలన్నిటికీ కలిపి రెండే పెట్టెలుంటాయి. ఒకదాని మీద "టైంపాస్" అని, రెండోదాని మీద "మంచి సినిమా" అని రాసి ఉంటుంది. టైంపాస్ పెట్టెలో పడ్డవాటిని పదిసార్లు చూస్తాం, కానీ గౌరవించం. మంచి సినిమా పెట్టెలో పడ్డవాటికి దండం పెడతాం, కానీ రెండోసారి చూడం. ఈ వ్యాసంలో ఒక్కో పెట్టెలోంచి ఒక్కో సినిమా తీసి పక్కపక్కన పెట్టాలని నా ప్రయత్నం. ఒకటి 1991లో వచ్చిన "క్షణక్షణం". రెండోది 2004లో వచ్చిన "ఆ నలుగురు". మొదటిదాంట్లో ఇద్దరు ప్రాణభయంతో పరిగెడుతూ ఉంటారు, మనం నవ్వుతూ ఉంటాం. రెండోదాంట్లో ఒకాయన చనిపోయి ఇంటిముందు పడుకుని ఉంటాడు, అక్కడ కూడా మనం నవ్వుతాం. ఈ రెండు నవ్వులూ ఒకటేనా అన్నది నా ప్రశ్న.

ముందే ఒక మాట. నేను సినిమా పండితుణ్ణి కాను. డబ్బిచ్చి చూసి, బావుంటే బావుందనీ, లేకపోతే లేదనీ చెప్పే మామూలు ప్రేక్షకుణ్ణి. కాబట్టి కెమెరా కోణాల గురించి కాకుండా, సినిమా నాకేం చేసిందో, ఎందుకు చేసిందో అంతవరకే చెబుతాను.

"శివ" (1989) తెచ్చిన పేరు ఇంకా తాజాగా ఉండగానే రామ్‌గోపాల్ వర్మ తీసిన సినిమా "క్షణక్షణం". కథ చాలా చిన్నది. ఒక ముఠా బ్యాంకుని కొల్లగొట్టి కోటి రూపాయలు పట్టుకుపోతుంది. ముఠాలో ఒకడు మిగతావాళ్ళకి టోపీ వేసి డబ్బు దాచేస్తాడు. ఆ దాచిన చోటు తాలూకు ఆధారం ఒక ఫొటో స్టూడియోలో కవరు మారి, సత్య అనే అమాయకురాలి చేతికొస్తుంది. ఆ అమ్మాయికి తన చేతిలో ఏముందో తెలియదు. తెలిసినవాళ్ళేమో ఆమెని చంపడానికైనా సిద్ధం. మధ్యలో చందు అనే చిల్లరదొంగ తగులుకుంటాడు. వెనకనించి ముఠా, పక్కనించి పోలీసులు. ఇక పరుగే పరుగు. అమెరికాలో ఉంటున్నాం కాబట్టి "రొమాన్సింగ్ ది స్టోన్" (1984) చూసినవాళ్ళకి అది గుర్తుకొస్తే వాళ్ళ తప్పేం లేదు. కానీ ఒకసారి సత్య నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాక ఆ పోలిక మనసులో నిలవదు. ఆ భయం, ఆ దేవుళ్ళని తలుచుకోవడం, ఆ సణుగుడు పూర్తిగా మన వీధి చివరి ఇంటి అమ్మాయివి.

ఆ రోజుల్లో మన సినిమాల్లో కామెడీ అంటే వేరే ట్రాకు. హీరో ఫైటింగ్ చేసి అలిసిపోతే, మనకి కాస్త ఊరట కోసం ఒక హాస్యజంట వచ్చి పదినిమిషాలు నవ్వించి పోయేది. ఆ పదినిమిషాలూ కత్తిరించి పక్కన పెట్టినా కథకొచ్చే నష్టం ఉండేది కాదు. "క్షణక్షణం"లో ఆ పని చెయ్యలేరు. నవ్వు ఎక్కడుందో చూస్తే, ప్రమాదం ఉన్నచోటే ఉంది. సత్యకి కలిగే భయం నిజమైన భయం. ఆమె వెంటపడేవాళ్ళు నిజంగా చంపేవాళ్ళు. ఇంత ముప్పులో ఉండి కూడా ఆమె ఆకలేస్తోందని, కాళ్ళు నెప్పి అని గోల పెడుతుంది. మనిషి అంతే కదా! చావు తరుముకొస్తున్నా చెప్పులో రాయి గుచ్చుకుంటే రాయి గురించే మాట్లాడతాడు. ఆ సంగతి తెలిసిన రచన ఇది. సత్యానంద్ గారి సంభాషణల్లో జోకు అని విడదీసి చెప్పుకోగలిగినవి తక్కువే. ఎవరి మాట వాళ్ళకి సహజంగా ఉంటుంది, నవ్వు దానంతటదే వస్తుంది.

రెండో మంచి పని, పాత్రలకి బరువులు పెట్టకపోవడం. చందుకి పగ లేదు, ఆశయం లేదు, ఊరిని ఉద్ధరించే బాధ్యత లేదు. "బొబ్బిలి రాజా" (1990) విజయం తర్వాత వెంకటేష్ అప్పటికే పెద్ద హీరో. అలాంటి హీరో చేత ఒక చిల్లరదొంగ వేషం, అదీ ఎక్కువసేపు హీరోయిన్‌ని భరించే వేషం వేయించడం ఆనాటికి చిన్న సాహసమేమీ కాదు. ఇక శ్రీదేవి. ఆమె అప్పటికి బొంబాయిలో మహారాణి. అంతకు ముందు సంవత్సరమే "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఇంద్రుడి కూతురిగా ఆకాశంనించి దిగొచ్చింది. ఇక్కడ అదే మనిషి ఉద్యోగం చేసుకుంటూ బతికే భయస్తురాలు. కళ్ళు పెద్దవి చేసి గాభరా పడటం మనకి నవ్వుగానే ఉంటుంది గానీ, ఒంటరిగా పట్నంలో బతుకుతున్న ఆడపిల్ల గాభరా అది. 2018లో ఆమె పోయినప్పుడు చాలామంది అతిలోకసుందరినే తలుచుకున్నారు. నా మటుకు నాకు సత్యే గుర్తొచ్చింది.

విలన్ల ఎంపిక కూడా చెప్పుకోదగ్గది. నాయర్‌గా పరేష్ రావల్ క్రూరంగా ఉంటాడు, వింతగా ఉంటాడు, మనం నవ్వుతుండగానే ఎవరికో మూడుతుంది. ఇన్‌స్పెక్టర్ యాదవ్ వేషం రామిరెడ్డికి ఇచ్చారు. "అంకుశం" (1989) చూసి ఆ ముఖాన్ని తల్చుకుంటేనే జడుసుకున్న ప్రేక్షకులం మనం. అదే ముఖానికి ఖాకీ టోపీ పెట్టి, "పోలీసు దగ్గరికి పోతే సరిపోతుందిగా" అని మనం అనుకునే అవకాశమే లేకుండా చేశాడు వర్మ. ఒక్క నటుణ్ణి ఎంచుకోవడంతో కథలో ఒక పెద్ద కన్నం పూడిపోయింది. మా వృత్తిలో అయితే దీన్ని చక్కని డిజైన్ అంటాం.

ఇక అడవిలో రాత్రి. కీరవాణి స్వరపరచగా సిరివెన్నెల రాసిన జోలపాట ఈ సినిమాకి గుండెకాయ. బాలు, చిత్ర పాడారు. అప్పటిదాకా సత్య భయాన్ని చూసి నవ్విన మనం, అక్కడ నవ్వడం మానేస్తాం. అడవి చప్పుళ్ళకి ఉలిక్కిపడే పిల్లకి ఒక దొంగ జోల పాడతాడు. ప్రేమ అన్న మాట అవసరం లేకుండానే ప్రేమ పుట్టేసింది. యాక్షన్ కామెడీలో జోలపాట పెట్టాలన్న ఆలోచన ఎవరిదోగానీ, వాళ్ళకి భయం సంగతి బాగా తెలుసు. భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం కంటే నిద్రపుచ్చడం మేలు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, లోపాలు లేకపోలేదు. అన్ని పాటలూ ఆ జోలపాటంత అవసరమైనవి కావు. ఒకటి రెండుచోట్ల పరుగు ఆపి డాన్సు చేసి మళ్ళీ పరిగెత్తినట్టుంటుంది. అంతకంటే నాకు పట్టింపుగా ఉన్నది చివరి భాగం. సినిమా అంతా ఇద్దరి పరుగుగా నడిచి, రైలు దగ్గరికొచ్చేసరికి ఒకడి పోరాటంగా మారిపోతుంది. అన్ని గండాలు దాటిన సత్య, ముగింపులో ఇంకా రక్షించబడాల్సిన అమ్మాయిగానే మిగిలింది. ఆ భయస్తురాలి చేతే చివర ఏదో ఒక తెలివైన పని చేయించి ఉంటే ఈ సినిమా ఇంకో మెట్టు పైన ఉండేది.

ఇప్పుడు రెండో పెట్టె తెరుద్దాం. "ఆ నలుగురు"కి మదన్ కథ రాశారు, చంద్రసిద్ధార్థ దర్శకుడు. 2004 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా బంగారు నంది, రాజేంద్రప్రసాద్‌కి ఉత్తమ నటుడి నంది వచ్చాయి. రఘురాం ఒక పత్రికా సంపాదకుడు. నీతికి కట్టుబడ్డవాడు. అడిగినవాడికి లేదనకుండా సాయం చేసేవాడు. ఇంట్లో మాత్రం చేతకానివాడిగా లెక్క. పిల్లలకి డబ్బు కావాలి. ఆయన సిద్ధాంతాలు వాళ్ళకి అడ్డం. చివరికి కోటయ్య దగ్గర అప్పు చేసి పిల్లల చేతిలో పెట్టి, ఆ రాత్రి విషం తీసుకుంటాడు. యమభటులు వస్తారు. "మావాళ్ళు నాకోసం ఎంత ఏడుస్తారో చూడండి" అన్న నమ్మకంతో ఆయన ఆత్మ ఇంటిముందే నిలబడుతుంది. అక్కడ జరిగేది ఏడుపు కాదు, బేరం. శవాన్ని ఇంటిముందు పెట్టుకుని, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న పంచాయితీ.

ఈ సినిమా బలమంతా ఇద్దరు నటుల్లో ఉంది, ఆ ఇద్దరి వెనకాల ఒక పాత సినిమా ఉంది. 1987లో జంధ్యాల తీసిన "అహ నా పెళ్ళంట" మనలో చాలామందికి కంఠతా వచ్చు. అందులో రాజేంద్రప్రసాద్ పెళ్ళి కావాల్సిన కుర్రాడు, కోట శ్రీనివాసరావు పరమపిసినారి లక్ష్మీపతి. కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే మనిషి. ఆ పిసినారితనం మనకి పండగ. పదిహేడేళ్ళ తర్వాత అదే కోట పిసినారి కోటయ్యగా, అదే రాజేంద్రప్రసాద్ శవం ముందు అప్పు కోసం కూర్చుంటాడు. ప్రేక్షకుడు అలవాటు కొద్దీ నవ్వడానికి సిద్ధపడతాడు, నవ్వుతాడు కూడా. నవ్వుతుండగానే తెలుస్తుంది, ఎదురుగా ఉన్నది శవమని. ఈ ఇరకాటం ఎంత బావుందో చెప్పలేను. నవ్వించడంలో ఇన్నేళ్ళు సంపాదించుకున్న పరపతిని ఆ ఇద్దరూ ఇక్కడ ఖర్చుపెట్టారు. 2025లో కోట గారు పోయాక ఆయన విలన్ వేషాల గురించి అందరం చెప్పుకున్నాం. కోటయ్యకి ఆ జాబితాలో ఇంకా పైన చోటు దక్కాలి. ఎందుకంటే ఈ సినిమాలో నిజంగా మారే మనిషి అతనొక్కడే. రఘురాం మొదటినించీ మంచివాడే. పిల్లలు మొదటినించీ స్వార్థపరులే. కోటయ్య అప్పు వసూలు చేసుకోవడానికి వచ్చి, తను అప్పిచ్చినవాడు ఎవరో అక్కడ కూర్చుని నేర్చుకుంటాడు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక నా ఫిర్యాదులు మూడు.

మొదటిది, పిల్లల చిత్రణ. వాళ్ళు మనుషుల్లా లేరు, నేరారోపణ పత్రంలా ఉన్నారు. తండ్రి శవం ముందు ఒక్కరికైనా గొంతులో ఏదైనా అడ్డం పడదా? పీనాసి కోటయ్యకి దొరికిన దయ ఆ పిల్లలకి ఎందుకు దొరకలేదు? ఊరందరికీ పెట్టిన మనిషికి సొంత పిల్లలతో కూర్చుని మాట్లాడే తీరిక ఉండేదా అన్న ప్రశ్న కథలోనే దాక్కుని ఉంది. దాన్ని అడిగి ఉంటే రఘురాం మంచితనం తగ్గేది కాదు, మనిషితనం పెరిగేది. "క్షణక్షణం"లో నాయర్ లాంటి దుర్మార్గుడికి కూడా ఒక తీరూ తెన్నూ ఉన్నాయి. ఇక్కడ ఇంట్లోవాళ్ళకి అది కూడా లేదు.

రెండోది, ఇంకా పెద్దది. రఘురాం తన ప్రాణం తను తీసుకున్నాడు. సినిమా ఆ సంగతిని త్యాగం అనే పేరు పెట్టి దాటేస్తుంది. 2004 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు ఎన్నికల్లో చర్చించుకునేంత పెద్ద సమస్య. అలాంటి సంవత్సరంలో, అప్పు చేసి ప్రాణం తీసుకున్న ఒక మంచివాడి కథ చెబుతూ, ఆ పని తప్పని చెప్పే పాత్ర ఒక్కటి కూడా గట్టిగా వినిపించకపోవడం నాకు నచ్చలేదు. ఆత్మాభిమానం గొప్పదే. కానీ బతికి ఉండి పిల్లలకి "లేదు, ఇవ్వను" అని చెప్పడం అంతకంటే కష్టమైన ఆత్మాభిమానం. కథకి శవం కావాలి కాబట్టి రచయిత ఆ దారి మూసేశాడు.

మూడోది, ముగింపు. రఘురాం సాయం పొందినవాళ్ళందరూ కదిలి వస్తారు. జనం వరదలా వస్తారు. కళ్ళు చెమర్చని ప్రేక్షకుడు ఉండడు, నావీ చెమర్చాయి. కానీ ఆలోచించండి. మంచివాడి మంచితనానికి చివరికి కొలబద్ద ఏమిటి? శవయాత్రకి ఎంతమంది వచ్చారన్నదా? మన తెలుగులో "నలుగురు" అన్న మాటకి రెండర్థాలున్నాయి. పాడె మోసేవాళ్ళు ఒక నలుగురు. "నలుగురూ ఏమనుకుంటారో" అని మనం జీవితమంతా భయపడే నలుగురు ఇంకొకళ్ళు. సినిమా పేరు మొదటి అర్థంతో మొదలై, ఆఖరి సన్నివేశానికి తెలియకుండానే రెండో అర్థంలోకి జారిపోయింది. ఎవరూ రాకపోయినా రఘురాం మంచివాడే కదా! నలుగురంటే నలుగురే వచ్చి, మౌనంగా మోసుకుపోయి ఉంటే ఆ పేరుకి న్యాయం జరిగేదని నా అభిప్రాయం. అంత నిబ్బరం సినిమాకి లేకపోయింది.

ఇన్ని ఫిర్యాదులున్నా ఈ సినిమా నన్ను వదలదు. దానికి కారణం ఆ ఆత్మ నిలబడిన చోటు. రఘురాం తన ఇంటిని చూస్తుంటాడు. ప్రతి మాటా వింటుంటాడు. తను ఒక్క మాట చెబితే తేలిపోయే గొడవలు కళ్ళముందే పెరుగుతుంటే నోరు పెగలదు, పెగిలినా ఎవరికీ వినపడదు. దేశం వదిలి వచ్చినవాళ్ళకి ఈ స్థితి కొత్తదా? చెల్లెలి పెళ్ళి మాటలు, నాన్నగారి ఆపరేషన్, పొలం పంపకం, అన్నిటినీ ఫోనులో విన్నవాళ్ళం. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు, మనలో ఎంతమందిమి అమ్మానాన్నల అంత్యక్రియలు అరచేతిలో ఫోను పెట్టుకుని చూశాం! ఎవరో బంధువు చెయ్యి వణుకుతుంటే బొమ్మ ఊగుతుంది, "అన్నా, కనపడుతోందా" అని అడుగుతారు. కనపడుతుంది. అంతకు మించి ఏమీ చెయ్యలేం. చనిపోయినవాడి చూపు ఎలా ఉంటుందో ఊహించి తీసిన సినిమా, బతికుండి దూరంగా ఉన్నవాడి చూపుని పట్టుకుంది. మదన్ గారు మన గురించి రాసి ఉండరు. అయినా ఈ సినిమాలో మనకి బాగా దగ్గరైన పాత్ర ఆ పిల్లలది కాదు, ఆ ఆత్మది.

ఈ మాట ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, మన ఇళ్ళల్లో ఈ సినిమాని వాడే పద్ధతి వేరు. దేశంనించి వచ్చిన పెద్దవాళ్ళు దీన్ని మనకి చూపిస్తారు, "చూశావా, పిల్లలు ఎలా ఉంటారో" అన్నట్టు. మనం దీన్ని ఇక్కడ పుట్టిన మన పిల్లలకి చూపిస్తాం, "మీరూ ఇలా అవ్వకండి" అన్నట్టు. పదిహేనేళ్ళ పిల్ల సబ్‌టైటిల్స్ చదువుకుంటూ రెండు గంటలు కూర్చుంటే, చివరికి ఆమెకి అందేది ఒక బెదిరింపు. అందులోనూ, ఇక్కడి చావుల్లో పాడె ఉండదు. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఇచ్చిన టైము ఉంటుంది. నలుగురు మోసేది ఏమిటో, అది ఎందుకంత పెద్ద విషయమో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది అది. వీసా మీద ఉన్న కుర్రాడెవడైనా ఇక్కడ హఠాత్తుగా పోతే, ఎప్పుడూ చూడనివాళ్ళు చందాలు పోగుచేసి, కాగితాలు సిద్ధం చేసి, ఆ శరీరాన్ని వాళ్ళ ఊరికి పంపిస్తారే, ఆ నలుగురు వాళ్ళే అని చెప్పాలి. అప్పుడు సినిమా పిల్లల మీద నేరారోపణ కాకుండా, పెద్దలు చేసే పనికి పేరవుతుంది.

"క్షణక్షణం" అయితే ఏ వివరణా అక్కర్లేదు. సబ్‌టైటిల్స్ సగం తప్పులున్నా పిల్లలు నవ్వుతారు. సత్య ఎందుకు గోల పెడుతోందో అర్థం కావడానికి తెలుగు రావక్కర్లేదు, ఎప్పుడైనా భయపడి ఉంటే చాలు. మన భాషతో వాళ్ళకి మొదటి పరిచయం ఒక నీతిపాఠం కంటే ఒక నవ్వూ, ఒక జోలపాటా అవడమే నయం. ఆ పాటలో మాటల అర్థం పిల్లలంతట పిల్లలు అడిగితే, అదే తెలుగు క్లాసు.

మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. రెండు నవ్వులూ ఒకటే. రెండూ భయంలోంచి పుట్టినవే. తేడా ఆ నవ్వుని సినిమా చివరిదాకా నమ్మిందా లేదా అన్నదాంట్లో ఉంది. "క్షణక్షణం" రైలు ఎక్కేదాకా నమ్మింది. "ఆ నలుగురు" జనం వచ్చేదాకా నమ్మి, ఆ తర్వాత కన్నీళ్ళని నమ్ముకుంది. పనితనంలో మొదటిదానికే నా ఓటు. ధైర్యంలో మాత్రం రెండోదానికి, శవం ముందు తెలుగువాడిని నవ్వించే సాహసం చేసినందుకు. కాబట్టి పిల్లలతో కలిసి "క్షణక్షణం" చూడండి. "ఆ నలుగురు" పెద్దలు వేరే రోజు చూడండి. చూశాక పిల్లల్ని పిలిచి హితబోధ చెయ్యకండి. ఊళ్ళో ఉన్న అన్నకో, అక్కకో ఫోను చెయ్యండి. అమ్మానాన్నల దగ్గర మన వంతు కూడా ఇన్నేళ్ళుగా మోస్తున్నది వాళ్ళే.